ఇంటికి చక్రాలు, దారికి మజిలీలు

కొత్తవలసలో బయలుదేరిన రైలు పట్టా అనంతగిరి కొండలెక్కి, అరకు దాటి, కోరాపుట్, జగదల్‌పూర్, దంతెవాడల మీదుగా కిరందుల్ చేరి ఆగిపోతుంది. ఆ ఆఖరి స్టేషనుకు ముందుది బచేలి. ఊరి మీదికి ఒరిగినట్టున్న కొండవరస ఎద్దు మూపురంలా కనిపిస్తుంది కనుక దానికి బైలదిల్లా అని పేరు. ఆ మూపురంలోని ఇనుప ఖనిజం కోసం 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో ఒప్పందం కుదిరింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికే ఈ పట్టా పడింది. కిరందుల్‌లో 1968లో, బచేలిలో 1977లో గనులు పని మొదలుపెట్టాయి. ఖనిజం కిందికి దిగిన దారినే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల మనుషులు పైకి వచ్చారు. వాళ్ల పిల్లలు ఇక్కడే పుట్టి, తెలుగు, హిందీ, హల్బీ మాటలు కలగలిపి మాట్లాడుతూ పెరిగారు. అయినా వాళ్లలో చాలామందికి ఇల్లు అంటే కంపెనీ క్వార్టరే. ఉద్యోగం ఉన్నంతకాలమే అది ఇల్లు. పదవీ విరమణ రాగానే "ఇక ఎక్కడుందాం?" అన్న ప్రశ్న గుమ్మంలో నిలబడుతుంది. పాత బస్సు ఒకటి కొని, ఇల్లుగా మార్చుకుని, దేశమంతా తిరుగుతూ బతకవచ్చన్నది ఆ ప్రశ్నకు ఈమధ్య వినవస్తున్న జవాబు. ఆ జవాబును తూచడానికే ఈ సంవాదం. ఇందులో బావ గని ప్రాజెక్టు వర్క్‌షాపులో పెద్ద బండ్ల పని తెలిసినవాడి పక్షం. బామ్మర్ది లెక్కలు, చట్టాలు చూసేవాడి పక్షం. ఇద్దరూ మనుషులకన్నా ఎక్కువగా రెండు వాదాలు.

బావ: బామ్మర్దీ, క్వార్టరు తాళాలు అప్పగించే రోజు మనలాంటి ప్రతి కుటుంబానికీ వస్తుంది. ఈ గడ్డ మీద మనకు సెంటు భూమి లేదు. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. ఆదివాసీ భూమి మనబోటివాళ్ల చేతికి పోకుండా చట్టం కాపలా కాస్తోంది, అది న్యాయం కూడా. సొంతూళ్లో తాతల ఇల్లు వాటాలు పడిపోయింది. చేతికొచ్చిన డబ్బంతా పెట్టి విశాఖలో మూడో అంతస్తు ఫ్లాటు కొంటే, మిగిలిన కాలమంతా దాని బాల్కనీలో కూర్చోవాలి. పన్నెండు మీటర్ల బస్సులో డ్రైవరు చోటు పోగా రెండు వందల యాభై చదరపు అడుగులు మిగులుతాయి. ఇద్దరికి మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి, చిన్న స్నానాల గది చక్కగా పడతాయి. తెలుగువాళ్లకు దారిలో కాపురం కొత్తేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, డేరాలు వేసుకుంటూ కాశీ దాకా వెళ్లి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. పదిహేను నెలలు ఆయనకు దారే ఇల్లు. ఈ బస్తర్‌కే ఒకప్పుడు ఉప్పు తెచ్చింది బంజారాల ఎద్దుల బిడారులు. ఆలుబిడ్డలతో, సామానుతో ఊరంతా నడిచివచ్చినట్టు వచ్చేవారు. 1982లో ఎన్.టి.రామారావుగారు పాత షెవర్లే వ్యానును బాగుచేయించి చైతన్యరథం అన్నారు. హరికృష్ణ నడుపుతుంటే నెలల తరబడి అందులోనే తిని, అందులోనే పడుకుని, రోడ్డు పక్కన స్నానం చేసి రాష్ట్రమంతా తిరిగారు. 1968లో సిడ్నీలో బయలుదేరిన ఆల్బర్ట్ అనే పాత డబుల్ డెక్కర్ బస్సు పడకలు, వంటగది అమర్చుకుని మన దేశం మీదుగా 132 రోజుల్లో లండన్ చేరింది. వాళ్లందరికీ సాధ్యమైంది మనకెందుకు కాదు?

బామ్మర్ది: బావా, మీరు చెప్పిన పేర్లన్నీ నిజమే. కానీ ప్రతి పేరు వెనకా ఒక సాయం దాగి ఉంది. వీరాస్వామయ్యగారి వెంట పెద్ద పరివారం ఉంది. వంటవాళ్లు, బోయీలు, డేరాలు మోసేవాళ్లు ముందుగానే మజిలీ చేరి అన్నీ సిద్ధం చేసేవారు. చైతన్యరథం ఆగిన ప్రతి చోటా జనం ఎదురుచూసేవారు. బంజారాలు తిరిగింది సరదాకు కాదు, బతుకు కోసం. పైగా తండా తండా కలిసి కదిలేది, ఒక ఎద్దు కుంటుపడితే పక్కవాడి ఎద్దు ఉండేది. ఇద్దరు ముసలివాళ్లు ఒక బస్సులో కదలడం ఈ లెక్కలో చేరదు. ముందు చట్టం సంగతి చూడండి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పి రిజిస్ట్రేషను కాగితంలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో అలాంటి ఒక్కో మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. యాభై సీట్ల బస్సులో సీట్లు పీకి మంచం వేస్తే అది కాగితం మీద బస్సే, లోపల మాత్రం కాదు. రేపు దారిలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఆ తేడా గురించే.

బావ: చట్టం అడ్డుపడుతోందనే బదులు, చట్టం ఒక దారి చూపించి అందులోనే రమ్మంటోంది అనాలి. మన నిబంధనల్లో మోటారు కారవాన్ అనేది విడిగా గుర్తించిన బండి రకం. సొంతానికి వాడే క్యాంపర్ వ్యాను రవాణాయేతర వాహనాల జాబితాలో ఉంది. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణమూ ఉంది. కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడుకునే ఏర్పాటు, వంట చేసుకునే ఏర్పాటు, సామాను పెట్టుకునే చోటు. బల్ల తప్ప మిగిలిన నాలుగూ కదలకుండా బిగించి ఉంటేనే అది నివాసం ఉన్న బండి. కనుక చేయవలసింది వెల్డరు దగ్గరికి వెళ్లేముందు ఆర్టీఓ దగ్గరికి, అర్హత ఉన్న బాడీ బిల్డరు దగ్గరికి వెళ్లడం. అనుమతి తర్వాతే పని, పని తర్వాత తనిఖీ, తనిఖీ తర్వాత కాగితం మార్పు. ఒకటి మాత్రం నేనూ ఒప్పుకుంటున్నాను. వేలంలో కారుచవకగా దొరికే ముసలి ఆర్టీసీ బస్సు మీద ఆశ పెట్టుకోకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ బండ్లకు రిజిస్ట్రేషను కొనసాగదు, అవి తుక్కుకే. ఏడెనిమిదేళ్లు నడిచి, ఛాసిస్ తుప్పు పట్టని, పత్రాలు సరిగా ఉన్న స్టాఫ్ బస్సు గాని, స్కూలు బస్సు గాని చూసుకోవాలి. నడిపేవాడికి భారీ వాహనాల లైసెన్సు కావాలి. ఏటా కళ్లు, గుండె చూపించుకోవాలి. చేయి తిరిగినవాడికి ఇవి భారం కాదు.

బామ్మర్ది: కాగితం సరిచేసుకున్నా కొండ వదలదు. బచేలి నుంచి ఎటు కదిలినా ఘాట్లే. రాయపూర్ వైపు కేశ్‌కాల్ ఘాట్, విశాఖ వైపు కోరాపుట్, సాలూరు కొండలు. మంచాలు, అల్మరాలు, నీళ్ల తొట్టి, బ్యాటరీలు మోస్తున్న బస్సు ఆ మలుపుల్లో దిగాలి. బరువు ఒక పక్కకు ఒరిగినా, బ్రేకులు వేడెక్కినా ఇల్లు ఇల్లంతా లోయలోకే. అంతకన్నా భయపెట్టేది నిప్పు. 2013 అక్టోబరు 30న అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును ఢీకొన్న బస్సులో 45 మంది కాలిపోయారు. 2023 ఆగస్టు 26న మదురై యార్డులో ఆగి ఉన్న యాత్రికుల రైలుపెట్టెలో, దొంగచాటుగా తెచ్చుకున్న గ్యాసు సిలిండరు వల్ల మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. ఆ పెట్టె కదలడం లేదు, ఎవరినీ గుద్దలేదు. టీ కాచుకోబోవడమే తప్పయింది. పరుపు, ప్లైవుడ్, కర్టెన్లు, వైర్లు, గ్యాసు, కింద రెండు వందల లీటర్ల డీజిలు. వీటన్నిటినీ ఒక ఇనుప గొట్టంలో పెట్టి తలుపు మూసుకుని నిద్రపోవడానికి మనసెలా ఒప్పుతుంది?

బావ: భయపడవలసిన చోట భయం ఉండాలి. ఆ భయాన్నే కొలతగా మారుద్దాం. యాభై మంది ప్రయాణికులను తలా 68 కిలోల చొప్పున లెక్క కడతారు. అంటే 3,400 కిలోలు మోయడానికే ఆ బండి తయారైంది. సీట్ల బరువు, టాపు మీది సామాను ఇంకా అదనం. అందులో మనం పెట్టే ఇల్లు ఎంత? నాలుగు వందల లీటర్ల నీళ్లంటే నాలుగు వందల కిలోలు. బ్యాటరీలు, సౌర పలకలు మూడు వందలు. చెక్కపని, వంటగది, ఫ్రిజ్జు కలిసి వెయ్యి. మనుషులు, బట్టలు, సామాన్లు మరో మూడు వందలు. మొత్తం రెండు వేలు. నీళ్ల తొట్టి రెండు ఇరుసుల మధ్య, ఛాసిస్‌కు ఆనించి కింద పెడితే బరువు నేలకు దగ్గరగా ఉంటుంది. బరువైనదేదీ నడుము ఎత్తు దాటకూడదు. ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగడం, ఎగ్జాస్ట్ బ్రేకు వాడడం, కింద ఆగి డ్రమ్ములు చల్లారనివ్వడం ఖనిజం దించే డంపరు డ్రైవర్లకు మొదటి పాఠాలు. ఇక నిప్పు. గ్యాసే వద్దందాం. టాపు మీద రెండు కిలోవాట్ల పలకలు పడతాయి. ఎండ బాగా కాసిన రోజు ఏడెనిమిది యూనిట్లు వస్తాయి. ఫ్రిజ్జుకు ఒకటి, ఫ్యాన్లకు దీపాలకు ఒకటి, ఇండక్షన్ పొయ్యికి రెండు చాలు. ఏసీ మాత్రం కుదరదు, దాన్ని వదులుకోవాలి. వానాకాలం బస్తర్‌లో రోజుల తరబడి ఎండ ముఖం కనబడదు, ఆ రోజుల్లో బండి ఆగినచోట కరెంటు తీసుకోవాలి. మంచం పక్కనే వెనక అద్దం పగలగొట్టే సుత్తి, లోపలి నుంచి తెరుచుకునే అత్యవసర ద్వారం, పొగ పసిగట్టే పరికరం, రెండు మంటలార్పే సిలిండర్లు ఉండాలి. మదురైలో ప్రాణాలు తీసింది పెట్టెలో కాపురం కాదు, నిషేధించిన సిలిండరును రహస్యంగా ఎక్కించడం. దాచిన ప్రమాదమే చంపుతుంది. కొలిచి, రాసి, తనిఖీ చేయించిన ప్రమాదాన్ని అదుపులో పెట్టుకోవచ్చు.

బామ్మర్ది: యంత్రం సంగతి మీరు చెప్తే నమ్ముతాను. డబ్బు సంగతి నేను చెప్తాను. బచేలి నుంచి కాశీకి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. తిరుగు ప్రయాణం, మధ్యలో తిరుగుళ్లు కలిపి 2,200 అనుకుందాం. బరువైన బస్సు లీటరుకు నాలుగున్నర కిలోమీటర్లిస్తే 490 లీటర్లు. లీటరు 95 రూపాయలు వేసుకున్నా 46,500. టోలు గేట్ల దగ్గర బస్సుకు కారుకన్నా ఎక్కువ కట్టాలి. మూడు నెలల యాత్రలో రోజుకు 1,200 రూపాయల గది తీసుకున్నా 1,08,000. దానికి రైలు టిక్కెట్లు కలిపితే డీజిలుకన్నా ఖరీదేనని మీరంటారు. కానీ బస్సుకు, లోపలి పనికి కలిపి పదిహేను లక్షలు పెట్టామనుకుంటే, పదేళ్లకు పంచితే ఏడాదికి లక్షన్నర. టైర్లు, బీమా, ఫిట్‌నెస్, రిపేర్లు పైన. ఫ్లాటు ధర పెరుగుతుంది, బస్సు ధర ఏటా కరిగిపోతుంది. డబ్బుకన్నా పెద్ద లెక్క ఇంకొకటుంది. ఈ కలలో అక్క ఎక్కడుంది? బస్సులో ఇల్లంటే నీళ్లు కొలిచి వాడాలి, రెండడుగుల గట్టు మీద వంట చేయాలి, బట్టలు ఆరేయడానికి రోజూ కొత్త చోటు వెతకాలి. మగవాడికి అది ప్రయాణం. ఆడమనిషికి అదే చాకిరీ, చోటు మాత్రం ఇరుకు. పక్కింటి మనిషి ఉండదు. ముప్ఫై అయిదేళ్లు బచేలి క్వార్టర్లలో కట్టుకున్న స్నేహాలన్నీ వెనకే ఉండిపోతాయి. మోకాళ్ల నొప్పులకు, బీపీకి చూసే డాక్టరు ఊరూరా మారితే ఎవరు బాధ్యులు?

బావ: లెక్కలో నువ్వే నెగ్గావు, ఒప్పుకుంటాను. డబ్బు మిగులుతుందని ఎవరైనా బస్సిల్లు కొంటే మోసపోయినట్టే. దూరం పెరిగేకొద్దీ డీజిలు తింటుంది. కనుక దీన్ని దూరంతో కాదు, ఆగడంతో కొలవాలి. రోజుకు మూడు వందల కిలోమీటర్లు పరుగెత్తేవాడికి రైలే మేలు. పది రోజులకొకసారి నూట యాభై కిలోమీటర్లు కదిలి, ప్రతిచోటా ఊరి బజారు, గుడి, చెరువు తెలిసేదాకా ఉండేవాడికి బస్సు అర్థవంతం. వీరాస్వామయ్యగారి పుస్తకం ఇన్నాళ్లూ నిలిచింది ఆయన వేగంగా వెళ్లినందుకు కాదు. ఏ ఊళ్లో నీళ్లు ఎలా ఉన్నాయో, అంగళ్లలో ఏమి దొరుకుతుందో, సత్రంలో ఎవరికి చోటుందో ఆగి చూసి రాసినందుకు. మీ అక్క సంగతిలో నాకు వాదన లేదు, షరతు మాత్రమే ఉంది. వంట, గిన్నెలు, నీళ్లు ఇద్దరి పని అని ముందే తేలకపోతే ఆ బస్సు కదలకూడదు. ఏడాదంతా అందులో ఉండాలన్న పట్టుదలా వద్దు. వాన నాలుగు నెలలు పిల్లల దగ్గరో, అద్దె గదిలోనో ఉండి, కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా తిరగవచ్చు. మందుల చీటీలు, పరీక్షల కాగితాలు ఫోనులో ఉంటే ఏ ఊరి డాక్టరైనా చూడగలడు. కానీ గుండెపోటు వచ్చిన రాత్రి జిల్లా ఆసుపత్రికి గంట దూరంలోనే బండి ఆగి ఉండాలి. ఈ నియమం పెట్టుకోని పెద్దవాళ్లు బయలుదేరకపోవడమే మంచిది.

బామ్మర్ది: మీరు ఇన్ని షరతులకు ఒప్పుకున్నాక నా అసలు అభ్యంతరం చెప్తాను. ఆగడమే ముఖ్యమంటున్నారు. ఎక్కడ ఆగుతారు? ఇల్లు కదులుతుంది సరే, దాని కింద నేల ఎవరిది? బచేలి మనకు నేర్పిన పాఠం ఇదే. మనం ఇక్కడికి వచ్చి బతికాం, గని తవ్వాం, శంఖిని నది ఎర్రగా పారింది. ఆ నీళ్లు తాగే ఊళ్లు మనల్ని రమ్మని పిలవలేదు. 2019 జూన్‌లో పదమూడో నిక్షేపం తవ్వకం వద్దని వేలమంది ఆదివాసులు కిరందుల్‌కు నడిచివచ్చి రోజుల తరబడి కూర్చున్నారు. ఆ నిక్షేపం ఉన్న నందరాజ్ కొండ వాళ్ల దేవుడి ఇల్లు. నేలను అంతగా అంటిపెట్టుకున్న మనుషుల మధ్య, ఏ నేలా నాది కాదు, ప్రతి నేలా నాదే అనుకుంటూ చక్రాల మీద తిరగడం నాకు మింగుడుపడదు. ఇద్దరు మనుషులు పొదుపుగా వాడినా రోజుకు వంద లీటర్ల నీళ్లు. నాలుగు రోజులకు తొట్టి ఖాళీ. ఎండాకాలంలో ఏ ఊరి బోరింగు దగ్గర నాలుగు వందల లీటర్లు నింపుతారు? స్నానం నీళ్లు, అంట్ల నీళ్లు, మరుగుదొడ్డి తొట్టి ఎక్కడ వదులుతారు? రోడ్డు పక్క కాలవలోకేనా? రాత్రి భద్రత మాటేమిటి? 2018 నవంబరు 8న బచేలి దగ్గర కొండ మలుపులో మావోయిస్టులు పేల్చేసిన బస్సులో ఒక జవానుతో పాటు పౌరులూ చనిపోయారు. ఇలాంటి నేల మీద చీకటిపడ్డాక అడవి దారిలో ఆగడం ధైర్యం కాదు.

బావ: ఇదొక్కటే నా పక్షాన్ని నిజంగా కదిలించిన మాట. అడవిలో, పొలంలో, ఏటి ఒడ్డున ఇష్టమొచ్చినచోట ఆగుతాననేవాడికి బస్సిల్లు ఇవ్వకూడదు. పల్లెలో ఆగాలంటే పంచాయతీని అడగాలి. ఆదివాసీ గ్రామమైతే గ్రామసభ మాటే చివరిది. వాళ్లు వద్దంటే ముందుకు వెళ్లాలి. బస్తర్‌లో పొద్దుగూకాక ప్రయాణం లేదు, జనమున్న ఊళ్లోనే రాత్రి. మురుగు విషయంలో సాంకేతికంగా జవాబుంది. డీఆర్‌డీఓ రూపొందించిన బయో టాయిలెట్లు రైలుపెట్టెల కిందికి వచ్చాయి. తెలంగాణ ఆర్టీసీ పాత బస్సులనే మహిళలకు సంచార మరుగుదొడ్లుగా మార్చి చూసింది. 2017లో కేంద్రం మల వ్యర్థాల నిర్వహణకు జాతీయ విధానం తెచ్చాక పట్టణాల్లో శుద్ధి కేంద్రాలూ కొన్ని వచ్చాయి. బస్సు తొట్టిని ఖాళీ చేయవలసింది అక్కడే. నువ్వన్న నీళ్లు, మురుగు, రాత్రి కాపలా నిజానికి ఒకే ప్రశ్న. దాని పేరు మజిలీ. మన పెద్దలకు అది తెలుసు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల్లో కాశీ యాత్రికుడి వెంట వచ్చే కుర్రవాడు మజిలీకొక కథ చెప్తేనే వస్తానంటాడు. అంటే ప్రయాణానికి కొలమానం మైళ్లు కాదు, మజిలీలు. బాటసారి అవసరం తెలిసినవాళ్లే దారికి చెట్లు, బావులు, సత్రాలు ఇచ్చారు. అమెరికాలో పాత స్కూలు బస్సులు ఇళ్లుగా తిరగగలుగుతున్నాయంటే నీటి గొట్టం, కరెంటు ప్లగ్గు, మురుగు గొయ్యి ఉన్న క్యాంపు స్థలాలు అంతటా ఉండడమే కారణం. కేరళ 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టినప్పుడు బండ్లతోపాటు కారవాన్ పార్కులనూ విధానంలో చేర్చింది. మనకు లేనిది బస్సు కాదు, అది ఆగే చోటు.

బామ్మర్ది: అయితే మీ మాట ప్రకారమే, మజిలీలు లేనంతవరకు బస్సిల్లు పరుల మీద పడి బతకడమే కదా? ఆర్టీసీ డిపోల్లో ఆగవచ్చంటారేమో, రాత్రయ్యేసరికి అవి వాటి బస్సులతోనే నిండిపోతాయి. లారీ డ్రైవర్లు ఆగే ధాబాల ముందు వాళ్లకే చోటు చాలదు. వాళ్లది పొట్టకూటి ప్రయాణం, దానికే ముందు హక్కు. పుణ్యక్షేత్రాల్లో యాత్రికుల బస్సులు ఇప్పుడే రోడ్ల మీద పొయ్యిలు పెట్టుకుంటున్నాయి.

బావ: నువ్వు ఇప్పుడన్న యాత్రికుల బస్సులే నా ఆఖరి సాక్ష్యం. గోదావరి జిల్లాల నుంచి, ఉత్తరాంధ్ర నుంచి కాశీ, గయ, ప్రయాగలకు వంటవాళ్లను, గిన్నెలను, బియ్యం బస్తాలను ఎక్కించుకుని నెల రోజుల యాత్రకు బయలుదేరే బస్సులు ఎన్నో ఏళ్లుగా ఉన్నాయి. వాటిలో వెళ్లేవాళ్లు ఎక్కువగా రైతులు, పెద్దవయసు ఆడవాళ్లు. సంచార గృహం మన దగ్గర ఇంకా రాలేదనడం తప్పు. పేదలకు, మధ్యతరగతికి అది ఏనాడో వచ్చింది, కానీ ఆగే చోటు లేకుండా వచ్చింది. అందుకే రోడ్డు పక్క పొయ్యి, చెట్టు చాటు స్నానం. రైల్వేవాళ్లు పట్టా పనివాళ్లను క్యాంపు కోచ్‌లలో ఉంచినప్పుడు ఆ పెట్టెకు స్టేషన్లో ఒక సైడింగు ఇస్తారు. నీళ్లూ కరెంటూ అక్కడ దొరుకుతాయి. యాత్ర బస్సుకు కూడా అలాంటి సైడింగు ఒకటి కావాలి. అది కడితే నా ఒక్క బస్సుకు కాదు, వెయ్యి యాత్రా బస్సులకు, వాటిలోని ఆడవాళ్లకు పనికొస్తుంది.

ఇద్దరి మాటలూ ఇక్కడికి వచ్చాక తీర్పు చెప్పడం కష్టం కాదు. బామ్మర్ది అభ్యంతరాల్లో సగం యంత్రానికి, కాగితానికి సంబంధించినవి. వాటికి బావ జవాబులు సరిపోతాయి. అనుమతి లేకుండా మార్చిన బస్సు, గ్యాసు దాచిన బస్సు, వెనక ద్వారం లేని బస్సు రోడ్డెక్కకూడదు. అనుమతితో, కొలతతో చేసినది ఎక్కవచ్చు. డబ్బు లెక్కలో బామ్మర్దిదే నెగ్గు. బస్సిల్లు పొదుపు కాదు, నిదానంగా తిరగాలనుకునేవాళ్లు తెలిసి ఎంచుకునే ఖర్చు. ఇంట్లో ఆడమనిషి మనస్ఫూర్తిగా ఒప్పుకోని చోట ఆ ఖర్చుకు అర్థమే లేదు. మిగిలింది నేల ప్రశ్న. ఏ ఇల్లూ నేల లేకుండా నిలవదు. చక్రాలున్న ఇల్లు ప్రతి రాత్రీ కొత్త నేలను అరువు అడుగుతుంది. అరువు అడిగేవాడికి మర్యాద ఉండాలి, ఇచ్చేవాళ్లకు ఏర్పాటు ఉండాలి. మర్యాద ప్రయాణికుడి బాధ్యత. ఏర్పాటు మాత్రం ఊళ్ల బాధ్యత, దేవస్థానాల బాధ్యత, పురపాలక సంఘాల బాధ్యత.

కనుక క్వార్టరు ఖాళీ చేయబోతూ బస్సు కొనాలని ఆలోచిస్తున్న ప్రతి కుటుంబానికీ ఒక మనవి. బస్సు ధర అడిగేముందు మొదటి పది మజిలీలు కాగితం మీద రాసుకోండి. ప్రతి పేరు పక్కనా నీళ్లెక్కడ, మురుగెక్కడ, రాత్రి ఎవరి అనుమతితో, ఆసుపత్రి ఎంత దూరం అని నాలుగు గళ్లు గీయండి. గళ్లు నిండితే బయలుదేరండి, నిండకపోతే ఆగండి. ఏటా యాత్రికుల బస్సులు వచ్చే ప్రతి క్షేత్రానికి, అవి దాటివెళ్లే ప్రతి పట్టణానికి మరో మనవి. పార్కింగు స్థలంలో ఒక మూల రెండు బండ్లకు చోటు, ఒక కుళాయి, ఒక ప్లగ్గు, తలుపున్న నాలుగు స్నానాల గదులు, శుద్ధి కేంద్రానికి పోయే ఒక మురుగు గొట్టం ఏర్పాటు చేయండి. బచేలి, కిరందుల్ పట్టణాలు ఈ పనికి ముందుకు రావచ్చు. బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అర్ధ శతాబ్దం చోటిచ్చిన ఊళ్లివి. రెండు వందల ఏళ్ల కింద వీరాస్వామయ్యగారి దారిలో సత్రాలు కట్టినవాళ్లకు ఆయన పేరు కూడా తెలియదు. రాబోయే బాటసారి కోసమే కట్టారు. ఆ పని ఇప్పుడు మన వంతు.